యాభై రెండు కిలోల సలహాలు

నవంబరు పదకొండో తేదీ ఉదయం నేను రెండు ఉడకబెట్టిన గుడ్లు, ఒకవైపు మాత్రమే మాడిన రొట్టె తిన్నాను. రెండోవైపు మాడకపోవడం ఆ పూటకు నాకు దక్కిన భాగ్యం. ఆ హుషారులో ఖాళీ పాలసీసా పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి, పై అంతస్తు ఆయనతో నోరు జారాను.

"వచ్చే నెల మొదటి శనివారం మోటార్‌సైకిల్ మీద ర్యాలీకి వెళ్దామనుకుంటున్నానండీ."

అంతే! ఆ క్షణం నుంచి నేను ఒంటరివాణ్ణి కాను.

పాఠకులారా, ఈ వారం మీకో రహస్యం చెబుతాను. మీరు జీవితంలో మొదటిసారి బండి మీద దూరప్రయాణం చెయ్యదలుచుకుంటే, ఆ సంగతి వెంటనే నలుగురికీ చెప్పండి. వాళ్ళు చెప్పేదంతా ఓపిగ్గా వినండి. విన్నదంతా చెయ్యండి. ఇక మీరు ఇల్లు కదలాల్సిన అవసరమే రాదు! నడుముకు నొప్పి లేదు, పెట్రోలుకు ఖర్చు లేదు, మీరు తిరిగొచ్చేదాకా ఇంట్లోవాళ్ళకు దిగులూ లేదు. ఇంతకన్నా సురక్షితమైన ప్రయాణం ఎక్కడైనా ఉందా?

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఆ మాట పుట్టినప్పుడు సలహాలు ఇంత విరివిగా దొరికేవి కావు కాబోలు. నేను ముప్ఫై ఒక్క సంవత్సరాలు నీటి సరఫరా కార్యాలయంలో మీటర్లు పరీక్షించే బల్ల దగ్గర పనిచేశాను. రోజుకు రెండు గంటలు నీళ్ళొచ్చే వీధులు చూశాను. రోజు విడిచి రోజు వచ్చేవి చూశాను. ఇరవై నాలుగు గంటలూ, పూర్తి ఒత్తిడితో, ప్రతి ఇంటి గుమ్మంలోకీ, మీటరు లేకుండా సరఫరా అయ్యేది లోకంలో సలహా ఒక్కటే. కట్టెయ్యడానికి కొళాయి కూడా ఉండదు!

ముందు ర్యాలీ అంటే ఏమిటో చెప్పాలి. పాత మోటార్‌సైకిళ్ళు ఉన్నవాళ్ళంతా ఏడాదికోసారి సముద్రం ఒడ్డున ఉన్న ఒక రేవుపట్నంలో, లైట్‌హౌస్ పక్కన మైదానంలో కలుస్తారు. మా ఇంటినుంచి నాలుగు వందల పన్నెండు కిలోమీటర్లు. అంత దూరం పోయి అక్కడ చేసేదేమిటంటే, మనలాగే అంత దూరం నుంచి వచ్చిన ఇంకొకాయన ఇంజను ముందు గొంతుక్కూచుని, "మీది కూడా ఆయిలు కారుతుందా?" అని అడగడం. ఆయన "కారుతుంది" అంటే మన మనసు కుదుటపడుతుంది. రెండు రోజులు ఇలా ఒకరినొకరు ఓదార్చుకుని ఇళ్ళకు తిరిగివస్తారు.

నా బండి వయసు ముప్ఫై నాలుగు. మా వీధిలో దాని పేరు 'దగ్గు'. "అదిగో, దగ్గు వచ్చేసింది" అన్నారంటే నేను ఇల్లు చేరానని అర్థం. ఆఫీసు, కూరగాయల మార్కెట్టు, బడి, ఆ తర్వాత ఆస్పత్రి. దాని ప్రపంచం అంతవరకే. ఊరిచివర పెట్రోలు బంకు దాటి అది ఎప్పుడూ పోలేదు. నేను పోనివ్వలేదు అనడం సరైన మాట. ఆ సంగతి తర్వాత.

మొదటి సలహా పై అంతస్తు ఆయన మెట్ల మీదే ఇచ్చారు. ఆయన జీవితంలో లిఫ్టు తప్ప ఏ వాహనమూ నడిపి ఎరగరు. అయినా ఎంత పరిజ్ఞానం!

"మాస్టారూ, అంతా గాలిలో ఉంటుందండీ. ఎదురుగాలి అయితే ముందుకు వంగాలి. వెనకగాలి అయితే నిటారుగా కూర్చోవాలి."

"పక్కగాలి అయితేనో?"

"ఆగిపోవాలి."

"ఎంతసేపండీ?"

"గాలి మారేదాకా!"

ఇంత తేటగా మన కాలేజీల్లో ఎవరైనా చెప్పారా? నేను భౌతికశాస్త్రం చదివినవాణ్ణి. మూడేళ్ళు చదివినా నాకు పక్కగాలికి విరుగుడు తెలియలేదు.

సాయంత్రానికి కబురు మా అక్కయ్యకు చేరింది. ఎలా చేరిందని అడక్కండి. మంచి విషయం దానంతట అదే ప్రవహిస్తుంది.

"ఒరేయ్, వెళ్తే వెళ్ళు గానీ చలిలో వెళ్ళకు. రెండు స్వెట్టర్లు వేసుకో. చెవుల్లో దూది పెట్టుకో. దాని మీద మఫ్లరు చుట్టు. దాని మీద టోపీ. దాని మీద హెల్మెట్."

"అన్నీ వేస్తే హెల్మెట్లో తల పట్టదక్కయ్యా."

"పట్టేదాకా ఇంట్లో పెట్టుకుని తిరగరా. కొత్త చెప్పులు అలవాటవ్వట్లేదూ? ఇదీ అంతే."

మూడు రోజులు ఇంట్లో అలాగే తిరిగాను. తలుపు కొట్టినా, ఫోను మోగినా నాకు వినపడలేదు. జీవితంలో అంత ప్రశాంతంగా ఎన్నడూ లేను. సలహా వరం కాదని ఎవరనగలరు?

మా అల్లుడు ఒక పెద్ద కంపెనీలో ప్రమాదాలను అంచనా వేసే ఉద్యోగం చేస్తాడు. ఎక్కడేది విరగవచ్చో, ఎవరు ఎక్కడినుంచి పడవచ్చో ముందే ఊహించి రాయడం అతని పని. బంగారంలాంటి మనిషి. భోజనాల బల్ల కోళ్ళు ఊపి చూసి గానీ కంచం ముందు కూర్చోడు.

"మావయ్యా, మీరేం కంగారు పడకండి. చిన్న షీటు ఒకటి పంపాను. ఊరికే ఓసారి చూసుకోండి, చాలు."

ఆ చిన్న షీటులో నూట పధ్నాలుగు వరసలున్నాయి. అరవై మూడో వరస: 'ఆవు'. అరవై నాలుగో వరస: 'ఆవు (చీకట్లో)'. డెబ్భైయ్యో వరస: 'దారిలో నిద్ర రావడం'. డెబ్భై ఒకటి: 'బసలో నిద్ర రాకపోవడం'. ఒక్కోదాని ఎదురుగా జరిగే అవకాశం ఎంత, జరిగితే నష్టమెంత, అప్పుడు చెయ్యవలసిందేమిటి అని మూడేసి గళ్ళు. 'ఆవు' ఎదురుగా చెయ్యవలసిందేమిటి గడిలో 'తగిన విధంగా స్పందించాలి' అని ఉంది. ఎవరు స్పందించాలో రాయలేదు. నేనో, ఆవో!

తర్వాత మా పాత ఆఫీసు వాళ్ళ ఫోను గ్రూపు. నలభై ఆరుగురం. అందరం రిటైరయినవాళ్ళమే. ఆ గ్రూపులో ఆర్నెల్లుగా పొద్దుటి పూలబొమ్మలు తప్ప కదలిక లేదు. నేను టైర్లలో గాలి ఎంత ఉండాలని అడిగిన మరుక్షణం మిగతా నలభై ఐదుగురూ లేచి కూర్చున్నారు! తక్కువ ఉండాలని సగం మంది, ఎక్కువ ఉండాలని సగం మంది. మాటామాటా పెరిగింది. ఒకాయన కోపంతో గ్రూపు వదిలి వెళ్ళిపోయి, తను వెళ్ళిపోయిన సంగతి ఎవరూ గమనించలేదని కోపంతో మళ్ళీ వచ్చాడు. చివరికి ఓటింగ్ పెట్టి, వచ్చిన అంకెలన్నీ కలిపి సగటు తీశారు. ఇప్పుడు నా టైర్లలో ఉన్నది గాలి కాదు. ప్రజాభిప్రాయం!

వీడియోలు కూడా చూశాను. హెల్మెట్ మీద కెమెరా బిగించుకున్న ఒక పెద్దమనిషి 'మొదటి దూరప్రయాణంలో చేసే పదిహేడు తప్పులు' చెప్పాడు. నాకు సొంతంగా మూడే తెలుసు. మిగతా పధ్నాలుగూ ఆయన దగ్గర నేర్చుకున్నాను.

మందుల షాపాయన, బ్లడ్‌ప్రెషర్ మాత్రలు కట్టి ఇస్తూ, ప్రతి నలభై నిమిషాలకూ దిగి పది నిమిషాలు నడవాలన్నాడు. గ్రూపులో ఒకరు ప్రతి గంటకూ ఇంజను చల్లారబెట్టాలన్నారు. అల్లుడి షీటు ప్రతి యాభై కిలోమీటర్లకూ బోల్టులు బిగించమంది. అక్కయ్య ప్రతి ఊళ్ళోనూ ఫోను చెయ్యమంది. చిన్న ఊళ్ళలో కూడా. పై అంతస్తు ఆయన గాలి సంగతి ఉండనే ఉంది. కాగితం మీద వేసి చూశాను. ప్రయాణానికి పట్టేది తొమ్మిది రోజులు! మొదటి శనివారానికి అక్కడ ఉండాలంటే అంతకు ముందు వారం గురువారమే బయల్దేరాలి. పగటిపూట మాత్రమే నడపాలన్న మరో సలహా కలిపితే, ఇంకో వారం వెనక్కి. రోడ్డు మీద సరుకుల లారీలుండని రోజులే ఎంచుకోవాలన్నది కూడా కలిపితే, నేను బడిలో చేరిన నాడే బయల్దేరి ఉండాల్సింది.

మీకు నవ్వులాటగా ఉందా? ఇందులో ఉన్న మేలు మీరు చూడటం లేదు.

మా ఆవిడ పోయి రెండేళ్ళయింది. మొదటి నెలంతా ఇంటినిండా మనుషులు. ఆ తర్వాత ఫోన్లు. "ఎలా ఉన్నారు?" "బాగున్నాను." ఆ రెండు మాటలూ అయిపోయాక ఇటు నాకూ తోచదు, అటు వాళ్ళకూ తోచదు. ఇద్దరం ఒకరి ఊపిరి ఒకరం కాసేపు విని, మర్యాదగా పెట్టేసేవాళ్ళం. మెల్లగా ఆ ఫోన్లూ పలచబడ్డాయి. తప్పు వాళ్ళది కాదు. దుఃఖం గురించి మాట్లాడటానికి ఎవరి దగ్గర మాత్రం ఎన్ని మాటలుంటాయి?

కానీ బండి చైనుకు నూనె వెయ్యడం గురించి! ఇరవై నిమిషాలు తడుముకోకుండా మాట్లాడతారు! రోజుకు పంతొమ్మిది ఫోన్లు! పై అంతస్తు ఆయన రెండేళ్ళలో మొదటిసారి లోపలికొచ్చి కూర్చుని టీ తాగారు. చక్కెర తక్కువైందని కూడా చెప్పారు. ఇంట్లో ఒకరు అలా అని ఎన్నాళ్ళయిందో!

అందరిలోకీ పొట్టి సలహా మా అమ్మాయిది. రోజూ ఫోను చేసేది. అదే మాట.

"నాన్నా, బస్సుంది కదా."

"బస్సుంది తల్లీ. కానీ అది మోటార్‌సైకిళ్ళ ర్యాలీ."

"అయితే బండిని లారీలో ఎక్కించు. నువ్వు బస్సెక్కు. ఇద్దరూ అక్కడ కలుసుకోండి."

తర్కంలో ఎక్కడా లోపం లేదు కదా!

రోజూ అదే మాట ఎందుకంటుందో నాకు తెలుసు. రెండేళ్ళ క్రితం ఆస్పత్రి మెట్లు దిగుతున్నప్పుడు నా చెయ్యి పట్టుకుని, "ఇక నువ్వొక్కడివే నాన్నా నాకు" అంది. పిల్లలకు మనం ఒక్కళ్ళమే మిగిలినప్పుడు, మనల్ని గాజుసామానులా చూస్తారు. అలా చూసేవాళ్ళుండటం అదృష్టమే. అయితే గాజుసామాను అల్మరాలో ఉంటుంది. రోడ్డు మీద ఉండదు.

సరే. నేను బుద్ధిమంతుణ్ణి. చెప్పినవన్నీ సేకరించాను. రెండు ట్యూబులు, గాలిపంపు, స్పానర్లు, గొలుసు, గొలుసుకు తాళం, తాళానికి మారుతాళం, టార్చి, టార్చి పోతే వెతకడానికి ఇంకో టార్చి, మూడు రకాల నూనెలు, ఆవులకోసం ఒక హారను, రెండు స్వెట్టర్లు, వాటి పైకి కోటు, కోటు తడవకుండా రెయిన్‌కోటు, మందుల పెట్టె, మడత కుర్చీ. అవును, కుర్చీ! నలభై నిమిషాలకోసారి దిగి ఎక్కడ కూర్చోవాలి?

సోమవారం అవన్నీ ఆటోలో ముందు పంపి, వెనకే బండిని మెకానిక్ షెడ్డుకు తీసుకుపోయాను. ఈ మెకానిక్ పాతికేళ్ళుగా నా బండి చూస్తున్నాడు. మాట పొదుపు. చెవి ఇంజను దగ్గర పెట్టి, కళ్ళు మూసుకుని, మనిషి గుండె విన్నట్టు వింటాడు. అతను ఒక్కడే నాకు సలహా ఇవ్వలేదు. "వెళ్తారా? అయితే వెళ్ళండి" అన్నాడు. మొదట అతనికి నా మీద అభిమానం లేదేమో అనుకున్నాను.

సామానంతా రెండు సంచుల్లో కూరి వెనకసీటు మీద కట్టాడు. నాలుగు బెల్టులతో బిగించాడు. "ఓ రౌండేసి రండి సార్" అన్నాడు.

వీధి మలుపు తిరిగాను. బండి ఇటు, సంచి అటు. స్పీడ్‌బ్రేకర్ మీద వెనకనుంచి సంచి నా వీపు మీద మెత్తగా ఒక్కసారి తట్టింది.

నేను తల పక్కకు తిప్పి, "ఏంటీ?" అన్నాను.

పాఠకులారా, దీనికి వివరణ ఇవ్వాలి. మా ఆవిడ వెనక కూర్చున్నప్పుడు ఎప్పుడూ సలహా ఇచ్చేది కాదు. నిదానంగా వెళ్ళండి అనేది కాదు. అటు చూడండి, ఇటు తిప్పండి, ఏదీ లేదు. ఏదైనా చెప్పాలనుకుంటే వీపు మీద ఒకసారి తట్టేది. నేను "ఏంటీ?" అనేవాణ్ణి. ఏ ఇంటి గోడ మీదో పిల్లి పడుకుని ఉండేది. అదీ సంగతి! చూపించడానికి తట్టేది.

సంచి ఏమీ చూపించలేదు. షెడ్డుకు తిరిగివచ్చాను.

"సార్, ఇది సామాను కాదు" అన్నాడు మెకానిక్. "వెనక మనిషి. మనిషైనా నయం, మలుపులో మీతోపాటు ఒరుగుతారు. ఇది ఒరగదు."

అనుమానం వచ్చి, పక్క పాతపేపర్ల దుకాణం త్రాసు మీద సంచులు పెట్టించాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు కొలతల మీద బతికినవాణ్ణి, కొలవకుండా ఊరుకోలేను. ముల్లు యాభై రెండు దగ్గర ఆగింది.

ఆ అంకె నాకు తెలుసు. ఆస్పత్రి పుస్తకంలో మొదటి పేజీలో, ఆవిడ బరువు ఎదురుగా, నర్సు నీలం సిరాతో రాసిన అంకె అది. తర్వాతి పేజీల్లో తగ్గుతూ వచ్చింది.

మెకానిక్ నా మొహం చూడకుండా, కింద కూర్చుని వెనక స్ప్రింగు తుడిచాడు. "ఇంత బరువైతే దీన్ని రెండో మెట్టుకి మార్చాలి సార్. ఇద్దరు కలిసి దూరం పోయేటప్పుడు వాడేది." గుడ్డతో ఇంకోసారి తుడిచి, "ఆ మెట్టు మీద కంపెనీ పెయింటు అలాగే ఉంది. ముప్ఫై నాలుగేళ్ళలో ఒక్కసారీ వాడలేదు మీరు" అన్నాడు.

ఇది సలహా కాదు. అందుకే గుచ్చుకుంది.

ఇంటికొచ్చి అల్లుడి షీటు ముందు పెట్టుకున్నాను. మనసు బాగాలేనప్పుడు వరసల వెంట నడవడం మంచిది. తొంభై ఒకటో వరస: 'బండి రిజిస్ట్రేషన్ పుస్తకం, అసలుది వెంట ఉండాలి'. ఎక్కడుందో గుర్తులేదు. ఇంట్లో కాగితాలన్నీ ఆవిడే చూసేది. వంటింట్లో చెంచాల సొరుగు కింద ఇంకో సొరుగుంది. అందులో, ఒక ప్లాస్టిక్ కవర్లో, బండి పుస్తకం దొరికింది. దాని కింద క్లిప్పు పెట్టిన కాగితాల బొత్తి.

ర్యాలీ దరఖాస్తులు. పదకొండు.

ఆ దరఖాస్తు ఏటా పోస్టులో ఆవిడ పేరునే వస్తుంది. ఎప్పుడో ఒక పత్రికలో ప్రకటన చూసి ఆవిడే ఉత్తరం రాసింది. ఆవిడ పోయిందని ర్యాలీ వాళ్ళకు తెలియదు. పోయినేడాది కూడా పంపారు. నేను కవరు విప్పలేదు. ఈ ఏడాది విప్పాను, నింపాను, పై సగం పంపించాను. కింది సగంలో చొక్కాకు పెట్టుకునే బ్యాడ్జీలు రెండుంటాయి. ఒకటి 'రైడరు'. ఒకటి 'వెనకసీటు'.

ఆ పదకొండూ ఆవిడ నింపినవి. గుండ్రటి అక్షరాలు. ఏటా నింపి, నా టీ కప్పు కింద పెట్టేది. ఏమీ అనేది కాదు. నేను టీ తాగి, చెవిమీది పెన్సిలు తీసి, దాని అంచున ఒక ముక్క రాసేవాణ్ణి. మా ఆఫీసులో అంతే. పరీక్షించిన ప్రతి మీటరుకూ చీటీ కడతాం. సరిగ్గా తిరిగితే 'సరి'. తిరగకపోతే 'చెడింది'. ఎటూ తేలకపోతే, లేదా సాయంత్రం అయిపోతే, 'మళ్ళీ చూడాలి'. ఆ చీటీ కట్టిన మీటర్లు అరల్లో తుప్పుపట్టేవి. ఎవరూ మళ్ళీ చూసేవాళ్ళు కాదు.

నా పెన్సిలు ముక్కలు వరసగా చదివాను. మొదటి ఏడాది: 'టైర్లు కొత్తవి వేశాక.' రెండో ఏడాది: 'కొత్త టైర్లు, కాస్త అరగాలి.' మూడో ఏడాది: 'టైర్లు అరిగాయి.' నాలుగు: 'ఆఫీసులో తనిఖీ.' ఐదు: 'వర్షాలు ఇంకా ఉన్నాయి.' ఆరు: 'వర్షాలు లేవు, మంచు.' ఏడు: 'అమ్మాయి పరీక్షలు.' ఎనిమిది: 'అమ్మాయి పెళ్ళి.' తొమ్మిది: 'రిటైరయ్యాక తీరిగ్గా.' పది: 'నీ మోకాలు.'

పదకొండు: 'ముందు నీ ఆరోగ్యం. వచ్చే ఏడాది తప్పకుండా.'

దాని కింద, పెన్నుతో, ఆవిడ అక్షరాలు: 'మళ్ళీ చూడాలి.'

నవ్వొచ్చింది. ఆవిడ అలాగే వేళాకోళం చేసేది, గొంతు పెంచకుండా. నవ్వు ఎంతసేపు ఉందో, తర్వాత ఏమైందో ఈ పత్రికలో రాయాల్సిన విషయం కాదు.

ఇన్నాళ్ళూ నేను ఎవరినెవరినో ఎగతాళి చేశాను. లిఫ్టు తప్ప నడపని ఆయన్ని, మఫ్లరు చుట్టమన్న అక్కయ్యని, ఆవుకు గడి గీసిన అల్లుణ్ణి. పాపం, వాళ్ళంతా ఈ పనికి దిగి మూడు వారాలే. ఈ విద్యలో పదకొండేళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి నేను! ప్రతిదీ సహేతుకం. ప్రతిదీ ఆవిడ మంచికే. ఒక్కదానిలోనూ 'వద్దు' అన్న మాట లేదు. చూశారా ఎంత నైపుణ్యమో? వద్దంటే మనిషి దెబ్బలాడతాడు. సలహా ఇస్తే థాంక్స్ చెప్పి కాగితం సొరుగులో పెట్టుకుంటాడు.

నిన్నటిదాకా నాకూ ఒక ముక్క సిద్ధంగానే ఉంది. 'సామాను తగ్గించాక, వచ్చే ఏడాది.' పెన్సిలు వెతికాను కూడా.

ఈ సాయంత్రం మా అమ్మాయి వచ్చింది. బస్సులోనే! చేతిలో మెరిసే పసుపు జాకెట్టు, తాడుకు కట్టిన ఒక ఈల.

"ఈల ఎందుకమ్మా?"

"పడిపోతే ఊదు."

"పడిపోతే అరుస్తానుగా."

"అరిచే ఓపిక లేకపోతే?"

"ఊదే ఓపిక మాత్రం ఎక్కడుంటుందే?"

"నాన్నా, నాతో వాదించకు. అసలు వెళ్ళొద్దని చెప్పడానికొచ్చాను నేను. టిక్కెట్టు కూడా చూశాను. రేపు పది గంటలకి బస్సుంది..."

అప్పుడు బల్లమీద కాగితాలు చూసింది. నిలబడే చదివింది. మూడోది చదివి పకపకా నవ్వింది. ఏడోది దగ్గర కుర్చీ లాక్కుంది.

"ఏడు నా పరీక్షలు. ఎనిమిది నా పెళ్ళి."

"వాటికి నువ్వేం చేస్తావు? రాసింది నేను."

"పది?" అని ఆ కాగితం మీద వేలు పెట్టింది. "ఆ ఏడు అమ్మ నాకు ఫోన్ చేసింది నాన్నా. 'మీ నాన్నకి నువ్వో మాట చెప్పవే, నీ మాట వింటారు' అంది."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? 'ఆ మోకాలితో బండెందుకమ్మా, బస్సుంది కదా' అన్నాను."

కొళాయి చుక్కలు పడుతున్న చప్పుడు వినిపించింది. మీటర్లు పరీక్షించినవాడి ఇంట్లో కొళాయి ఎప్పుడూ కారుతూనే ఉంటుంది.

కాసేపటికి అమ్మాయి లేచి సంచులు విప్పింది. ఒక్కోటి తీసి నేలమీద పెట్టింది. గొలుసు, తాళం, మారుతాళం. రెండో టార్చి. ఆవుల హారను. కుర్చీ తీసి, నా వైపు చూసి, "ఇదెవరు చెప్పారు?" అంది. "అది నా సొంతం" అన్నాను. ఒక స్వెట్టరు ఉంచింది. రెయిన్‌కోటు, మందులు, ఒక ట్యూబు, పంపు, స్పానర్లు ఉంచింది. ఈల కూడా ఉంచింది. కన్నకూతురికి ఆమాత్రం హక్కు లేదా?

అంతా కలిసి చేతిలో పట్టుకు లేవనెత్తగలిగినంత. త్రాసు లేదు గానీ, నా చెయ్యి చెబుతోంది, తొమ్మిది కిలోలు దాటదు. రాత్రి బండి తెచ్చిచ్చిన మెకానిక్‌తో స్ప్రింగు మొదటి మెట్టులోనే ఉండనిమ్మన్నాను. ఆ రెండో మెట్టు పెయింటు అలాగే ఉంటుంది. దానికి ఇప్పుడు చెయ్యగలిగింది లేదు.

"రెండో బ్యాడ్జీ ఏం చేస్తావు?" అంది అమ్మాయి.

"సంచికి పెడదామని."

"వద్దు, గాలికెగిరిపోతుంది. జేబులో పెట్టు, గుండీ ఉన్న జేబులో" అని నాలుక్కరుచుకుంది. "సారీ నాన్నా. అలవాటు."

గుండీ ఉన్న జేబులోనే పెట్టాను. మంచి సలహా మంచి సలహాయే.

కాబట్టి పాఠకులారా, మొదట అన్న మాట నేను వెనక్కి తీసుకోను. సలహా వరమే. అల్లుడు తొంభై ఒకటో వరస రాయకపోతే నేను ఆ సొరుగు తీసేవాణ్ణా? మొదటి ప్రయాణానికి వెళ్ళేవాళ్ళ కోసం నా వంతుగా ఒకటి ఇస్తున్నాను, ఉచితంగా. మీ ఇంట్లో ఎవరైనా మీ టీ కప్పు కింద ఒక కాగితం పెడితే, పెన్సిలు వెతక్కండి. టైర్లెలా ఉన్నా సరే.

ఇది రాస్తున్నది గురువారం రాత్రి, పడుకునేముందు. రేపు ఆరింటికి బయల్దేరుతున్నాను. సగం దూరంలో ఒక రాత్రి ఆగి, శనివారం మధ్యాహ్నానికి చేరాలి. బండి కింద వరండాలో ఉంది. వంటింట్లో అమ్మాయి రెండు గుడ్లు ఉడకబెట్టి పెట్టింది. రొట్టె మాత్రం నేనే కాలుస్తానన్నాను.

ఇప్పుడే నా గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. హెల్మెట్ చూసింది. ఈల చూసింది. నన్ను చూసింది. ఏదో చెప్పబోయి నోరు తెరిచింది.

"ఏంటమ్మా?" అన్నాను.

నోరు మూసుకుంది. లైటు నా కళ్ళలో పడకుండా కొంచెం పక్కకు తిప్పి, బయటికి వెళ్ళి, చప్పుడు కాకుండా తలుపు కూడా మూసింది.